పండక్కి పనివాళ్లకి ఏం పెడదాం?

ప్రశ్న: మాది తణుకు ప్రాంతంలో రైసుమిల్లు. గుమాస్తాలు, మెకానిక్కు, డ్రైవర్లు, కాపలా మనిషి, కళ్లంలో పనిచేసే ఆడవాళ్లు, హమాలీలు అందరూ కలిసి ముప్పై నాలుగు మంది వుంటారు. మా నాన్నగారి రోజులనుంచి సంక్రాంతికి మనిషికి కిలో మిఠాయి, ఒక జత బట్టలు ఇవ్వడం ఆనవాయితీ. కిందటేడు పండగ వెళ్లిన పదోరోజున మా పెద్ద గుమాస్తాగారు షుగరు బాగా పెరిగి ఆస్పత్రిలో చేరారు. దేవుడి దయవల్ల బయటపడ్డారు. వారి అమ్మాయి మాత్రం మా ఇంటికొచ్చి, “పొట్లం చేతిలో పెట్టేముందు ఒక్క మాట అడగవలసింది బాబాయిగారూ” అని వెళ్లిపోయింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. మిఠాయి మానేస్తే పిసినారి అంటారు, ఇస్తే ఇలా. ఈసారి ఆరోగ్యానికి పనికివచ్చేది ఏదైనా ఇద్దామనుకుంటున్నాను. సలహా చెప్పగలరు.
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి

జవాబు: పండగ కానుకల సంగతి వైద్యుణ్ణి అడగడమేమిటని కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తరవాత చెబుతాను. ముందు మీ గుమాస్తాగారి సంగతి చూద్దాం.

వారు మీ కిలో మిఠాయివల్లే ఆస్పత్రిపాలయ్యారని నేననుకోను. చక్కెర వ్యాధి వున్న మనిషి ఒక్క పొట్లంతో పదిరోజుల తరవాత పడిపోడు. సాధారణంగా జరిగేదేమిటంటే, భోగినాడు బూరెలు, పెద్దపండగనాడు అరిసెలు, కనుమనాడు మాంసం, ముక్కనుమనాడు మిగిలినవన్నీ. అల్లుళ్లొచ్చిన ఇంట్లో భోజనం వేళకి కాదు. వేళ తప్పిన భోజనంతోపాటు బిళ్లలూ తప్పుతాయి. ‘పండగ నాలుగు రోజులే కదా’ అని ఇన్సులిన్ మానేసేవారు కూడా వున్నారు. దానికి ఏ కాలిపుండో, మూత్రంలో చీమో, జ్వరమో తోడైతే చక్కెర నాలుగు వందలు, ఐదు వందలు దాటిపోతుంది. కాబట్టి ఆ నేరమంతా మీ నెత్తిన వేసుకోకండి. అయితే వారి అమ్మాయి అన్న మాట మాత్రం కొట్టిపారేయవద్దు. ఆ పిల్ల మిఠాయి ఎందుకిచ్చారని అడగలేదు. ఒక్క మాట అడగలేదేమని అడిగింది.

ఇప్పుడు నా సంగతి. నా దగ్గర ఒక కాంపౌండరు ఇరవై ఏళ్లకి పైగా పనిచేస్తున్నాడు. నేను రోగులకి చక్కెర వ్యాధి పథ్యం చెబుతుంటే పక్కన నిలబడి వినేవాడు. నేను తొందరలో వుంటే తనే చెప్పి పంపేవాడు. ఏటా సంక్రాంతికి అతనికి నేనిచ్చిన కానుక ఏమిటో చెప్పమంటారా? కిలో మిఠాయి. పన్నెండేళ్లు వరసగా. పన్నెండో ఏడు ఒకనాడు కుంటుతూ వచ్చాడు. “ఏమయ్యా, కాలికేమైంది?” అంటే “చెప్పు కరిచిందండి” అన్నాడు. చెప్పు విప్పించి చూద్దును గదా, రెండు వేళ్లు నల్లబడి వున్నాయి. ఎనిమిదేళ్లుగా అతనికి షుగరు వుంది. వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గర మందు వాడుతున్నాడు. “నాతో చెప్పలేదేమయ్యా?” అని కేకలేశాను. “నలుగురికీ పథ్యం చెప్పేవాడివి, నీకే వచ్చిందా అంటారేమోనండి. పైగా మీరు చేత్తో ఇచ్చిన పొట్లం వద్దంటే బాగుండదు కదండి” అన్నాడు. ఆ రెండు వేళ్లూ తీసేయవలసి వచ్చింది.

వేళ్లు నా మిఠాయివల్ల పోలేదు. ఏడాదికి ఒక కిలో ఎవరి కాలూ తీయదు. కాని పన్నెండు సార్లు ఒక మనిషి చేతిలో పొట్లం పెట్టి, ఒక్కసారి కూడా అతని మొహం కేసి సరిగా చూడలేదన్నది మాత్రం నిజం. మీ ఉత్తరం చదివి నవ్వు రాకపోవడానికి కారణం అది.

మీ ముప్పై నాలుగు మందిలో ఇలాంటివారు ఎందరు వుంటారో అంచనా వేయవచ్చు. 2003, 2004 ప్రాంతంలో అప్పటి ఉభయ గోదావరి జిల్లాల్లోని పల్లెల్లో కొందరు వైద్య పరిశోధకులు సర్వే చేశారు. 45 గ్రామాల్లో ఏడాదిపాటు జరిగిన మరణాల కారణాలు ఇంటింటా విచారిస్తే, సుమారు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే అని తేలింది. అంటురోగాలవల్ల పోయినవారు అందులో సగం కూడా లేరు. అదే ప్రాంతంలో ముప్పై ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే నూటికి 13 మందికి చక్కెర వ్యాధి వుంది. పట్నాల మాట కాదు, కాలవగట్టు పల్లెల మాట ఇది. అప్పటికీ ఇప్పటికీ ఇరవై ఏళ్లు గడిచాయి. 2023లో వెలువడిన అఖిల భారత సర్వే దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10 కోట్ల పైచిలుకు అని లెక్క కట్టింది. కాబట్టి మీ మిల్లులో కనీసం నలుగురైదుగురికి వుంటుంది. రక్తపోటు వున్నవారు అంతకు రెట్టింపుకి తక్కువ వుండరు. వీరిలో కొందరికి తమకి జబ్బు వున్నట్టే తెలియదు.

ఇక మిఠాయి. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకు పుట్టిన సీమలో వుండి మిఠాయి మీద యుద్ధం ప్రకటించడం నావల్ల కాదు. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాకూ ఇష్టమే. కాని లెక్క తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం విడిగా కలుపుకొనే చక్కెర రోజుకి 25 గ్రాములకి, అంటే సుమారు ఆరు చెంచాలకి మించకుండా వుంటే మంచిది. పాకంలో ముంచిన మిఠాయిలు రెండు తింటే ఆనాటి కోటా దాదాపు అయిపోయినట్టే. కాఫీ, టీలు ఇంకా లెక్కలోకి రాలేదు.

“బెల్లంతో చేసినవి ఇస్తే పరవాలేదు కదండీ” అని అడిగేవాళ్లు చాలామంది. పరవా వుంది. బెల్లంలో కాస్త ఇనుము, కొద్దిగా ఖనిజాలు వుంటే వుండవచ్చు. రక్తంలో చక్కెర పెంచే విషయంలో బెల్లానికీ పంచదారకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేనె, తాటిబెల్లం, మామిడితాండ్ర అన్నీ ఆ తానులో ముక్కలే. ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన డబ్బాల్లో పంచదార లేకపోయినా నెయ్యి, ఖర్జూరం, మైదా దండిగా వుంటాయి. మరి తీపి మాని కారం ఇద్దామంటారా? జంతికలు, కారప్పూస, ఆవకాయ జాడీలు రక్తపోటు మనిషికి ఉప్పు మూటలు. ఉప్పు మొత్తం రోజుకి 5 గ్రాములు దాటకూడదు. మన గోదావరి వంటలో ఆ గీత మధ్యాహ్నం భోజనానికే దాటుతాం.

అందుచేత నా సలహా ఇది. మిఠాయి పూర్తిగా మానకండి. ఇంటిల్లిపాదీ కలిసి ఒక రోజులో తినేటంత, పావుకిలో మంచి సరుకు అందరికీ ఒకేలా ఇవ్వండి. ఇంటి దగ్గర పిల్లలుంటారు, పొట్లం కోసం గుమ్మంలో ఎదురుచూసేది వాళ్లే. మిగిలిన సొమ్ము వేరేదానికి మళ్లించండి. ఒక్కటి మాత్రం చేయకండి. “ఫలానావారికి షుగరు కాబట్టి వీరికి పళ్లబుట్ట” అని పదిమందిలో వేరుచేసి ఇవ్వకండి. మంచి మనసుతోనే చేస్తారు, నాకు తెలుసు. అయినా ఒకరి జబ్బు కళ్లంలో చాటింపు వేసినట్టే అవుతుంది. పెళ్లి కావలసిన ఆడపిల్ల వున్న ఇల్లయితే ఆ మాట ఎంతదూరం పోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మందు సీసాల సంగతి మీరు అడగలేదు గాని, చేపల చెరువుల మీదా లారీ ఆఫీసుల్లోనూ పండగ మామూలుగా సీసా ఇచ్చే అలవాటు వుంది కాబట్టి చెబుతున్నాను. ఇవ్వవద్దు. షుగరు బిళ్లలు వేసుకునే మనిషి ఖాళీ కడుపున తాగితే చక్కెర ఉన్నట్టుండి పడిపోయి స్పృహ తప్పవచ్చు. పక్కవాళ్లు మైకమనుకుని వదిలేస్తారు. తెల్లారేసరికి మనిషి దక్కకపోవచ్చు.

ఏమివ్వాలో తెలియాలంటే ఒక పూట మీ మిల్లులో మీరే కుర్చీ వేసుకుని కూర్చోండి. లెక్కలు చూడవద్దు, మనుషుల్ని చూడండి. ఊక దుమ్ములో దగ్గుతున్నదెవరు? చిట్టా పుస్తకం చేయిచాపి దూరంగా పట్టుకుని చదువుతున్న గుమాస్తా ఎవరు? ఉప్పుడు బియ్యం మిల్లయితే సిమెంటు కళ్లం మీద మిట్టమధ్యాహ్నం ఉడికిన ధాన్యాన్ని కాళ్లతో తిరగేస్తున్న ఆడవాళ్లకి చెప్పులున్నాయా? డ్రయ్యర్లు వచ్చాక ఆ పని తగ్గింది గాని పూర్తిగా పోలేదు. చక్కెర వ్యాధివల్ల అరికాలు మొద్దుబారిన మనిషికి కాలు కాలినా తెలియదు. బొబ్బ లేచి, పగిలి, పుండయి, చీము పట్టాక చూసుకుంటుంది. మా కాంపౌండరు కథ అక్కడ కూడా మొదలు కావచ్చు.

ఇక్కడ ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. దుమ్ములో పనిచేసేవారికి ముక్కుకి మాస్కు, రొయ్యల ఫ్యాక్టరీలో మంచునీళ్లలో చేతులు నానేవారికి గ్లవుసులు ఇవ్వడం యజమాని బాధ్యత. వాటిని రంగుకాగితంలో చుట్టి పండగ కానుక అనకూడదు. చట్టప్రకారం రావలసిన కనీస బోనసు 8.33 శాతమూ అంతే. అది వారి కష్టార్జితం. పదిమందీ అంతకుమించీ పనిచేసే చోట ఈ.ఎస్.ఐ. అర్హత వున్నవారికి చందా కట్టడమూ అంతే. 2019 జూలైనుంచి యజమాని వాటా జీతం మీద 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. ఇవన్నీ సక్రమంగా వున్నాయా అన్నది ముందు చూసుకోండి. కొందరు పెద్దమనుషులు ఇవి ఎగ్గొట్టి దీపావళికి వెండి గిన్నెలు పంచుతారు. ఆ గిన్నెలో గంజి తాగితే ఆస్పత్రి బిల్లు తీరదు.

ఇవి పోగా కానుకలు. నా ఓటు మొదట కళ్లద్దాలకి.

నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం జబ్బు కాదు, వయసు. అందరికీ వస్తుంది. అద్దం ఖరీదు కిలో నేతిమిఠాయి ఖరీదుకి మించదు. అయినా కూలిజనంలో చాలామంది అద్దాలు లేకుండానే నెట్టుకొస్తారు. ‘ముసలివాణ్ణయ్యానని పనిలోంచి తీసేస్తారేమో’ అన్న జంకు కూడా కొందరికి వుంటుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలు 751 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఉచితంగా దగ్గరి చూపు అద్దాలిచ్చి చూశారు. 2018లో ఫలితాలు ప్రకటించారు. అద్దాలు పెట్టుకున్నవారు తెంపిన ఆకు, పెట్టుకోనివారి కంటే 21.7 శాతం అదనంగా పెరిగింది. ఇది చదివినప్పుడు నాకు మన నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లు గుర్తొచ్చారు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లే చేతులకి గుర్తింపు వచ్చిందో లేదో ఏజంట్లనే అడగాలి. అరుగు మీద కూర్చుని, సన్నటి దారం మీద కళ్లు పొడుచుకుని, సాయంత్రానికి తలనొప్పి అని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి కావలసింది తలనొప్పి బిళ్ల కాదు, ఒక జత అద్దాలు. ఏజంట్లెవరైనా ఈ పత్రిక చదువుతుంటే, ఈ పండక్కి ఈ ఒక్క పని చేయండి. మీ సరుకు కూడా బాగుపడుతుంది.

రెండో ఓటు టార్చిలైటుకీ దోమతెరకీ. పొలంలో, చేపల చెరువు గట్టున పాకలో పడుకునే కాపలా మనుషులకి ఇంతకుమించిన కానుక నాకు తోచదు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది. కరిచినట్టు నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. అంచులు చాపకిందికి గట్టిగా దోపిన దోమతెర దోమనీ ఆపుతుంది, పామునీ ఆపుతుంది. మన డెల్టాలో మురుగు కాలవల దోమ బోదకాలు మోసుకొస్తుందని కూడా మరిచిపోవద్దు. రక్తపింజరి గట్టు మీద వుంటుంది, టార్చి వెలుగులో కనిపిస్తుంది, చీకట్లో కాలికిందే తెలుస్తుంది. 2000నుంచి 2019వరకు మన దేశంలో పాముకాటువల్ల సగటున ఏడాదికి 58 వేలమంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క. ఆ లెక్కలో తెలుగునాట వాటా తక్కువేమీ కాదు.

పాదాలు మొద్దుబారినవారికి మెత్తటి అడుగు వున్న ఎం.సి.ఆర్. చెప్పులు మంచివి. ఇవి కొలత తీసుకుని కొనాలి గాని గోనెలో పోసి పంచేవి కావు. కుడికాలు కొలతా ఎడమకాలు కొలతా రెండూ చూడాలి. సాయంత్రంపూట చూడాలి, పొద్దుటికంటే అప్పటికి పాదం కాస్త ఉబ్బి వుంటుంది. ‘షుగరువాళ్ల చెప్పులు’ అనకుండా, కావాలన్నవారందరికీ కొలత తీయించండి.

హమాలీలకి ఏమివ్వాలో చెప్పడం కష్టం. మగమనిషి ఒక్కసారిగా మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన మిల్లుల్లో మొన్నమొన్నటిదాకా 75 కిలోల బస్తాలు మోయించాం. నడుములు అప్పుడే అరిగిపోయాయి. వారి నడుముకి మీరివ్వగల కానుక ఒక్కటే, పండగ నాలుగు రోజులూ కూలి పోకుండా సెలవు. బస్తా లెక్కన కూలి తీసుకునేవాడికి సెలవంటే పస్తు. సగటు కూలి లెక్కగట్టి ఆ నాలుగు రోజులకీ ముందే చేతిలో పెడితే నడుము వాల్చుకుంటాడు.

మీవంటివారు కొందరు పండగపూట ఉచిత వైద్యశిబిరం పెట్టిస్తామంటారు. పెట్టించండి, కాని సూది గుచ్చి, కాగితం చేతిలో పెట్టి, ఫొటో తీసుకుని పంపేసే శిబిరం వద్దు. పరగడుపున 126, లేదా తిన్న రెండు గంటలకి 200 దాటినవారిని మళ్లీ పరీక్ష చేయించి మందు మొదలుపెట్టించేదాకా ఎవరో ఒకరు వెంట వుండాలి. ఆ కాగితం రోగి చేతికే రావాలి, మీ బల్లమీదికి కాదు. ఫలితం తెలిస్తే ఉద్యోగం పోతుందన్న అనుమానం వుంటే ఎవడూ చేయి చాపడు. మా కాంపౌండరు ఎనిమిదేళ్లు చాపలేదు. దానికంటే ఆఫీసుగదిలో ఒక బి.పి. మిషను కొని పెట్టడం చౌక. మణికట్టుకి కట్టేది కాదు, జబ్బకి కట్టేది కొనండి. టీ, చుట్ట, బీడీ తాగిన అరగంటలోపు చూడకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాక చూడాలి. వేరువేరు రోజుల్లో చూసినా 140, 90 దాటుతుంటే డాక్టరు దగ్గరికి పంపండి.

బట్టల ఆనవాయితీ మానకండి. వెనకటి రోజుల్లో పాలేళ్లకి పండక్కి కొత్తబట్టలు పెట్టేవారు, చాకలికీ మంగలికీ కళ్లంలో మేర కొలిచేవారు. ఆ పద్ధతుల్లో వున్న ఎక్కువతక్కువలు పోవలసినవే గాని, కొత్తబట్ట కట్టుకున్న మనిషి మొహంలో వెలుగు ఎక్కడికీ పోలేదు. నూలుబట్ట అయితే ఎండలో పనిచేసేవారికి ఒంటికి సుఖం.

మా కాంపౌండరుని కిందటి సంక్రాంతికి అడిగాను, “ఏం కావాలయ్యా నీకు?” అని. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాను. తడుముకోకుండా చెప్పాడు. “చెప్పులు చాలండి. కాని అరకిలో కాజా కూడా ఇప్పించండి. మనవలొస్తారు. నేను ముట్టుకోనులెండి” అన్నాడు. రెండూ ఇచ్చాను. ఒక కాజా ముట్టుకున్నాడని వాళ్లావిడ ఫోనులో చెప్పింది. మర్నాడు పరీక్ష చేస్తే పరగడుపున 118 వుంది. నేనేమీ అనలేదు.

మీరు అద్దాలు ఇద్దామనుకుంటే డిసెంబరు మొదటివారంలోనే కంటిపరీక్ష పెట్టించండి. నెలగంట పెట్టాక పనివాళ్లకి తీరిక చిక్కదు, అద్దాల షాపువాడికి తీరిక చిక్కదు. పరీక్ష రోజున కూలి కోయకండి. ఆ తరవాత పెద్ద గుమాస్తాగారింటికి మీరు స్వయంగా వెళ్లి, వారి అమ్మాయిని కూడా కూర్చోబెట్టి, పండగ నాలుగు రోజులకీ వారి బిళ్లలు, ఇన్సులిన్ సరిపడా వున్నాయో లేదో అడిగిరండి.